అడిగే పని లేకుండా రండి: హైదరాబాద్ సైకిల్ యాత్రికులకు బహిరంగ లేఖ

మిత్రులారా,

వచ్చే డిసెంబరులో దేవరకొండ నుంచి సోమశిల దాకా నాలుగు రోజుల మౌంటెన్ బైక్ యాత్ర చేయబోతున్నారని, 60 మంది వస్తున్నారని, సమకూరిన విరాళాలతో తండాల ఆడపిల్లలకు సైకిళ్ళు కొనిస్తారని మీ కరపత్రంలో చదివాను. మంచి ఆలోచన. నేను ఈ ప్రాంతపు ప్రభుత్వ బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. అచ్చంపేటలో ఉంటాను. మోకాళ్ళు సహకరించిన రోజున ఇప్పటికీ సైకిలెక్కి బల్మూరు వైపో, రంగాపూర్ ఉమామహేశ్వరం గుట్ట వైపో వెళ్ళి వస్తుంటాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

కరపత్రంలో దారి పటం ఉంది, టీషర్టు రంగు ఉంది, పతకం బొమ్మ ఉంది, డ్రోన్‌తో వీడియో తీస్తామన్న హామీ కూడా ఉంది. 60 మందికి నీళ్ళు ఎక్కడివి, ఎవరికైనా చెయ్యి విరిగితే ఏ బండిలో ఎక్కడికి తీసుకెళ్తారు, ఇచ్చిన సైకిలు పాడైతే ఎవరు బాగుచేస్తారు, వీటి గురించి ఒక్క ముక్క లేదు. వీటికి జవాబులు మీరు రాసుకోకపోతే మా ఊళ్ళు వెతుక్కోవలసి వస్తుంది. గుమ్మం ముందు నిలబడి దాహమన్నవాణ్ణి పొమ్మనే ఇల్లు ఇక్కడ ఉండదు. బావి ఎండినా చెంబెడు నీళ్ళు ఎక్కడో ఒకచోట నుంచి తెచ్చి ఇస్తారు. అడిగితే కాదనరు కాబట్టే, అడిగే పని లేకుండా రమ్మంటున్నాను. యాత్రకు సిద్ధం కావడమంటే నా లెక్కలో ముందు ఇదే. తొడల కండ సంగతి తర్వాత.

మొదట మీ పటం. తొలి రెండు రోజుల గీతతో పేచీ లేదు. దేవరకొండ కోట కింద మొదలై డిండి జలాశయం, దుందుభి వాగు, ఉప్పునుంతల చెలకల మీదుగా అచ్చంపేట చేరుతుంది. మూడో రోజుది మాత్రం మన్ననూరు దాటి, ఫర్హాబాద్ మీదుగా అప్పాపూర్ పెంటను (పెంట అంటే చెంచుల గూడెం) తాకి లింగాల వైపు దిగినట్టు గీశారు. ఎవరు గీశారో గాని, ఫోనులో ఉపగ్రహ చిత్రం చూస్తూ సన్నటి బాట కనిపించగానే సంబరపడి ఉంటారు. బాట ఉన్న మాట నిజం. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడిబొడ్డున ఉన్న మాట కూడా నిజం. పూర్వపు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో తెలంగాణకు వచ్చిన భాగం ఇది, 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షన్ చదవండి. విధుల్లో ఉన్న ఉద్యోగులు, అక్కడ నివాసమున్నవారు, భూమి హక్కున్నవారు, ప్రజా రహదారి మీద సాగిపోయేవారు, ఇలాంటి కొందరిని మినహాయిస్తే, మిగిలిన ఎవరు లోపల అడుగుపెట్టాలన్నా 28వ సెక్షన్ కింద అనుమతి పత్రం ఉండాలి. శ్రీశైలం రహదారి మీదే రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు దగ్గర బండ్లు ఆపేస్తారు. ఇక రహదారి దిగి 60 సైకిళ్ళు బారులు తీరి అడవిలోకి పోవడం, పైన డ్రోను గిరగిరా తిరగడం ఎలా కుదురుతుందనుకున్నారు?

ఇదే అడవిలోని సలేశ్వరం జాతరకు వేలమందిని వదులుతారు కదా, మమ్మల్నెందుకు ఆపుతారు అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. చైత్ర పౌర్ణమికి లింగమయ్య దర్శనానికి వెళ్ళడం తరతరాల ఆనవాయితీ. దానికే అటవీ శాఖ రోజులు కుదించి, వేళలు బిగించి, ప్లాస్టిక్ వద్దని చెక్‌పోస్టులో సంచులు వెతుకుతుంది. మీ యాత్రకు ఆ ఆనవాయితీ లేదు. మరో సంగతి. అప్పాపూర్‌లో ఉండేది చెంచులు. ఆ అడవి వారి ఇల్లు, మీకు అది వీడియోలో వెనకాల కనిపించే పచ్చదనం. 2019లో యురేనియం తవ్వకాల భయంతో అమ్రాబాద్ గుట్టల మీది ఊళ్ళన్నీ రోడ్డెక్కాయి. ఆ సెప్టెంబరులో తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానం చేసేదాకా ఎవరికీ కంటిమీద కునుకు లేదు. అప్పటి నుంచి చేతిలో పటం, నెత్తిమీద యంత్రం పెట్టుకుని వచ్చే కొత్త ముఖాన్ని ఇక్కడివాళ్ళు రెండుసార్లు చూస్తారు. చూడాలి కూడా. మీరు సైకిళ్ళు పంచడానికే వచ్చారని పెంటలోని పెద్దమనిషికి ఎలా తెలుస్తుంది?

కాబట్టి మూడో రోజు గీత చెరిపేయండి. అడవి అంచునే అచ్చంపేట నుంచి బల్మూరు, లింగాల మీదుగా కొల్లాపూర్ వైపు మళ్ళండి. నష్టపోయారని అనుకోకండి. చెరువు కట్టలు, బండ్ల బాటలు, గుండ్ల మధ్య మొరం దారులు, ఎడమవైపు పొడుగునా నల్లమల గోడ. తొక్కేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఈ బాటల్లోనూ కొన్ని ముక్కలు రిజర్వు అటవీ భూమిలో పడతాయి. డివిజన్ అటవీ అధికారికి పటం జత చేసి, తేదీలు, మనుషుల సంఖ్య రాసి ముందే దరఖాస్తు పెట్టండి. పోలీసు స్టేషన్లకు, దారిలోని పంచాయతీలకు కూడా ఒక్కో ప్రతి ఇవ్వండి. రాత్రి బస ముందురోజు ఫోను చేసి మాట్లాడుకుందామనే అలవాటు ఇక్కడికి తేవద్దు.

డిసెంబరు ఎంచుకున్నందుకు మెచ్చుకుంటాను. ఎండ తగ్గుతుంది, వాగుల్లో నీరు దిగుతుంది. కాని పల్లెకు అది తీరిక కాలం కాదు. పత్తి ఏరుతుంటారు, కందులు కోతకు వస్తుంటాయి, యాసంగి పల్లి చేలు పచ్చగా లేచి ఉంటాయి, వానాకాలపు వడ్లు ఎక్కడ కాస్త తారు రోడ్డు కనిపిస్తే అక్కడ ఆరబోసి ఉంటాయి. వడ్ల మీంచి తొక్కుకుంటూ పోవద్దు. దిగి, పక్కన ఉన్న మట్టిలోంచి సైకిలు నడిపించుకుంటూ వెళ్ళండి. 60 మంది రెండేసి చక్రాలతో దాటితే ఆ కుప్పలో ఎంత మట్టి కలుస్తుందో, కొనుగోలు కేంద్రంలో తాలు, మట్టి పేరుతో తూకంలో ఎంత కోస్తారో ఆ రైతుకు తెలుసు.

చీకటి పడ్డాక చేల గట్ల మీద సైకిలు తొక్కడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పులి భయంతో చెబుతున్నానని అనుకుంటారు. కాదు. అడవి పందుల బాధ పడలేక కొందరు పల్లి, మొక్కజొన్న చేల చుట్టూ సన్నటి ఇనుప తీగ లాగి రాత్రిపూట దొంగచాటుగా కరెంటు పెడతారు. అది నేరమని వాళ్ళకూ తెలుసు. ఆ తీగ మోకాలి ఎత్తులో ఉంటుంది, మీ తలకు కట్టుకున్న లైటుకు కనపడదు. ఏటా పందులతోపాటు మనుషులూ, ఒక్కోసారి తీగ కట్టిన రైతే దానికి బలైపోతున్నారు. డిసెంబరులో తెల్లవారేసరికి ఆరున్నర, పొద్దుగూకేసరికి ఐదూ నలభై. సాయంత్రం నాలుగున్నరకల్లా చివరి మనిషి కూడా బస చేరేలా రోజు లెక్క వేయండి. వెనకబడ్డవారిని ఎక్కించుకునే బండి తప్పనిసరి. అందులో ఎక్కడం పరువు తక్కువ అనుకునేవారిని అసలు తీసుకురావద్దు. నా అనుభవంలో జట్టును ముంచేది బలహీనుడు కాదు, పంతం పట్టినవాడు.

ఇక ముళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఇది నాకు ఇష్టమైన విషయం. హైదరాబాద్‌లో లక్ష రూపాయల సైకిలు కొన్నా దాన్ని ఇక్కడ ఆపేది పల్లేరు కాయ. నేలకు అంటుకుని పాకే చిన్న మొక్క, పసుపు పచ్చ పూలు. కాయ ఎండితే ముక్కలుగా విడిపోతుంది. ఒక ముక్కను అరచేతిలో వేసుకుని చూడండి. ఎటు దొర్లించినా ఒక ముల్లు పైకి నిలబడే ఉంటుంది. వానలు వెనకబడ్డాక చెలక బాటల నిండా ఇవే. దీని శాస్త్రీయ నామం ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్. అమెరికా పడమటి రాష్ట్రాల్లో సైకిలు తొక్కేవారు కూడా దీన్నే తిట్టుకుంటారట, కాబట్టి ఇందులో మనకు తోడున్నారు. దీని ముల్లు పొట్టిది, టైరు లోపల సీలెంట్ ద్రవం ఉంటే రంధ్రం దానంతటదే మూసుకుపోతుంది. సర్కారు తుమ్మ వేరే జాతి. చెరువు కట్టల పొడుగునా అదే. రైతులు దాని కంప నరికి చేలకు కంచెగా వేస్తారు, ఎండిన ముల్లు మేకులా టైరు పక్క గోడలోంచి దిగుతుంది. ఆ చిల్లును సీలెంట్ ఆపలేకపోవచ్చు. లోపల అతికే ప్యాచీ, రబ్బరు ప్లగ్గులు, సైకిలుకు కనీసం ఒక మారు ట్యూబు ఉండాలి.

ట్యూబ్‌లెస్ టైర్లున్నవారు బయలుదేరే ముందు వారంలో సీలెంట్ మళ్ళీ పోయించుకోండి. టైరుకు 100 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. మన వేడికి రెండు మూడు నెలల్లో అది లోపలే ఎండి పెచ్చు కడుతుంది. ఎప్పుడో పోయించిందే కదా అని ధైర్యంగా వచ్చినవారు ఉప్పునుంతల చేరకముందే తోయడం మొదలుపెడతారు. గాలి గేజీతో కొలిచి పెట్టుకోండి. మనిషి బరువును బట్టి ట్యూబ్‌లెస్‌కు 25 పి.ఎస్.ఐ. అటూ ఇటూ, ట్యూబు ఉంటే దానికన్నా కొంచెం ఎక్కువ. ట్యూబున్న టైరులో గాలి తగ్గించి రాళ్ళ మీద దూకితే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

మా ఊళ్ళలో సైకిల్ షాపు ఉంటుందిలే అనుకోవడం మరో పొరపాటు. షాపు ఉంటుంది, మంచి పనివాడూ ఉంటాడు, మీ సామాను ఉండదు. మా 28 అంగుళాల పాత సైకిలు రిమ్ము 635 మిల్లీమీటర్లు, మీ 29 అంగుళాల మౌంటెన్ బైకుది 622. అంకెలు చూస్తే మీది పెద్దది అనిపిస్తుంది, టైరు కూర్చునే చోట మాత్రం మాదే పెద్దది. అందుకే మా టైరు మీకు పట్టదు. మీ సన్నటి ప్రెస్టా వాల్వుకు ఇక్కడి పంపు మూతి పట్టదు. వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే మోటారు సైకిళ్ళకు గాలి కొట్టే ఏ దుకాణంలోనైనా పని జరిగిపోతుంది. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ చూసేందుకు అల్యూమినియం ముక్కే, కాని ఒక్కో కంపెనీకి, ఒక్కో మోడలుకు ఒక్కో ఆకారం. సైకిలు కుడివైపు పడితే మొదట వంగేది అదే. మీ మోడలుకు సరిపోయేది ముందే కొని సీటు కింద సంచిలో వేసుకోండి. బ్రేకు ప్యాడ్లు ఒక జత, గొలుసు అతికే లింకు రెండు, గొలుసు తెంపే పనిముట్టు ఒకటి జట్టు మొత్తానికి కాదు, నలుగురికి ఒకటి చొప్పున. కొల్లాపూర్ వైపు నల్లరేగడి తగులుతుంది. ఆ రోజుల్లో తుఫాను పట్టి వాన పడితే ఆ మట్టి టైరుకూ ఫ్రేముకూ మధ్య ముద్ద కట్టి చక్రాన్ని తిరగనివ్వదు. అప్పుడు బలం చూపకండి, డిరైలర్ విరుగుతుంది. తారు రోడ్డు ఎక్కి వెళ్ళే మారుదారి పటంలో ముందే గుర్తించి పెట్టుకోండి.

సాధన గురించి మీకు నేర్పేవారు నగరంలో చాలామంది ఉన్నారు, నేను రెండు మాటలే చెబుతాను. నాలుగు రోజుల యాత్రలో మనిషిని కూలదోసేది మొదటి రోజు కాదు, రెండో రోజు ఉదయం. కాబట్టి ఆదివారం ఒక్కరోజు వంద కిలోమీటర్లు తొక్కి మురిసిపోవడం కన్నా, శని ఆదివారాలు వరసగా రోజుకు 50, 60 చొప్పున అనంతగిరి గుట్టల మట్టి బాటల్లో, యాత్రకు తెచ్చే సంచీ బరువుతోనే తొక్కండి. రెండోది బడిలో పిల్లల ముందు చెప్పే మాట కాదు గాని, యాత్ర మధ్యలో మానేసేవారిలో చాలామంది కాళ్ళ నొప్పితో మానరు. కూర్చునే చోట ఒరుసుకుపోయి మానేస్తారు. కొత్త సీటు, కొత్త నిక్కరు ఆ నాలుగు రోజుల కోసం దాచుకోవద్దు.

నీళ్ళు. మనిషికి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగాలి. రోజంతా కలిపి మనిషికి 6 లీటర్లు వేసుకున్నా 60 మందికి 360 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 18. స్నానాలు, వంట ఇందులో లేవు. చిన్న తండాలో దిగి ఆ నీళ్ళు అడిగితే, ఆ పూట కొన్ని ఇళ్ళ కుండలు బోర్లా పడతాయి. క్యాన్లు మండల కేంద్రాల్లో ముందే మాట్లాడుకుని మీ బండిలో మోసుకురండి. దారిలోని చేతిపంపు నీళ్ళు తాగవచ్చా అని అడుగుతారు. పాత నల్లగొండ జిల్లాలో, ముఖ్యంగా మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం వైపు, ఫ్లోరైడ్ కథ మీకు తెలియంది కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు, దాన్ని ఎన్నో రెట్లు దాటిన బోర్లున్న ఊళ్ళు అవి. నల్లగొండ పేరు మీద నీటి నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతే ఒకటి ఉంది, పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి. నాలుగు రోజులు తాగినంత మాత్రాన మీ ఎముకలు వంగవు, అది ఏళ్ళ తరబడి తాగితే వచ్చే జబ్బు. కాని నీళ్ళు కాచుకుంటే సరిపోతుందని ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పకండి. కాచినప్పుడు క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. ఆ నల్లా వదిలే వేళ ప్రతి ఊరికీ ఒక లెక్క ఉంటుంది, ఆ వేళకు బిందెల వరసలో మీ సీసాలు పెట్టకండి.

వట్టి నీళ్ళే తాగుతూ పోతే ఉప్పు తగ్గి కళ్ళు తిరుగుతాయి. ఓఆర్ఎస్ పొట్లాలు తెచ్చుకోండి. లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలిచి కలపండి. తిండికి దిగుమతి చేసుకున్న జెల్ పొట్లాలు అక్కర్లేదు. పల్లి పట్టీ, అరటిపండు, ఉప్పు వేసి ఉడికించిన గుగ్గిళ్ళు గంట గంటకూ కాస్త నోట్లో వేసుకుంటే చాలు. పైగా ఆ డబ్బు ఇక్కడి దుకాణంలో పడుతుంది. రాత్రికి జొన్నరొట్టెలు కావాలంటే మహిళా సంఘాల వారితో ముందుగా ధర మాట్లాడుకోండి. ఊరికే పెట్టించుకోవద్దు. పెడతామని వాళ్ళంటారు, మీరు ఒప్పుకోకండి.

బస ప్రభుత్వ బడుల్లో అని రాశారు. మీరు వచ్చేది గురువారం నుంచి ఆదివారం దాకా. అందులో కనీసం రెండు రోజులు బడి ఉంటుంది. 60 మంది పెద్దవాళ్ళు రాత్రి వాడిన మరుగుదొడ్లను, తెల్లారి తొమ్మిదికి వచ్చిన పిల్లలు ఎలా వాడతారు? ఎవరు కడుగుతారో నాకు తెలుసు, చీపుర్లు ఏ తరగతి చేతికి వస్తాయో కూడా తెలుసు. ప్రతి మండల కేంద్రంలోనూ ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళున్నాయి. పెళ్ళిళ్ళ ముహూర్తాలు చూసుకుని అద్దెకు తీసుకోండి.

దెబ్బలు తగలడం ఖాయమనుకునే రండి. మొరం మీద ముందు చక్రం జారితే చెయ్యి ఆనుతుంది, భుజం దగ్గరి ఎముక విరుగుతుంది. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్‌లో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి, నాగర్‌కర్నూలులో పెద్దాసుపత్రి ఉంది. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం ఏవీ చేయకండి. కరిచిన కాలు కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వీలైనంత త్వరగా చేర్చండి. ఏ ఆసుపత్రిలో ఆ మందు ఉందో ముందురోజే కనుక్కుని రాసిపెట్టుకోండి. కుక్క కరిస్తే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టించండి. సైకిలు చూసి మొరగని కుక్క ఇక్కడ లేదు. వేగం పెంచకండి, దిగి సైకిలును మధ్యలో పెట్టుకుంటే చాలావరకు అదే వెనక్కి తగ్గుతుంది.

వీటన్నిటికీ 108 ఉంది కదా అంటారు. ఉంది, 2005లో మొదలైనప్పటి నుంచి లెక్కలేనన్ని ప్రాణాలు నిలబెట్టింది. అందుకే చెబుతున్నాను. ఇక్కడ ఆ బండి ఒక మండలం చివరి నుంచి మరో చివరికి రావడానికే చాలా సేపు పడుతుంది. ఎముక విరిగిన మీ మిత్రుణ్ణి ఎక్కించుకుని అది నాగర్‌కర్నూలు వెళ్ళిందనుకోండి, ఆ రెండు గంటల్లో ఏదో తండాలో నొప్పులు మొదలైన ఇల్లాలు ఆటో వెతుక్కోవాలి. మీరు సరదా కోసం తెచ్చుకున్న ప్రమాదం ఆమె వంతు బండిని తినేయకూడదు. డాక్టరుతో, స్ట్రెచరుతో మీదే ఒక బండి వెంట ఉండాలి. ప్రాణం మీదికి వస్తే 108కి ఫోను చేయండి, ఎవరూ తప్పుపట్టరు. ఆ ఫోను కూడా కొన్ని చోట్ల కలవదు. లింగాల దాటాక గుట్టల చాటున సిగ్నల్ ఉండదు, కాబట్టి ఎవరు ఏ వేళకు ఏ ఊరు దాటాలో కాగితం మీద రాసి, ఆ లెక్క చూసుకోవడానికి ఒకరిని వెనక కూర్చోబెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి, మీ దానం. కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థ నేను పనిచేసిన బడిలో అమ్మాయిలకు సైకిళ్ళు ఇచ్చింది. పేరు అనవసరం, మనసు మంచిదే. గులాబీ రంగు, ముందు బుట్ట, గేర్లు. ఫొటోల్లో చాలా బాగున్నాయి. మరుసటి ఏడు దసరా సెలవుల తర్వాత చూస్తే సగం సైకిళ్ళు వరండాలో గోడకు ఆనించి ఉన్నాయి. ఆ టైరు సైజు దేవరకొండలోనూ దొరకదు, అచ్చంపేటలోనూ దొరకదు. కొన్నిటికి పోయింది వాల్వులోని రబ్బరు ముక్క మాత్రమే, ఐదు రూపాయల సరుకు. గాలి కొట్టే పంపు తండాలో లేదు, పంపు ఉన్న ఊరికి సైకిలు తోసుకుపోవాలి. రెండింటికి చున్నీ గొలుసులో ఇరుక్కోవడంతో ఇంట్లోవాళ్ళు తొక్కనివ్వడం మానేశారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె తన సైకిలు సీటు మీద పేరు సూదితో గీసుకుంది. ఆ పేరు ఉన్న సీటు కింద కోడి గుడ్లు పెట్టింది. నవ్వొచ్చింది గాని, ఆ పిల్ల మళ్ళీ నడిచే వస్తోంది.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి నడిచి వచ్చారు. అప్పటికి అది నల్లగొండ జిల్లానే. దళితవాడకు వెళ్ళి మీకేం కావాలని అడిగారు. 80 ఎకరాల భూమి కావాలని వాళ్ళన్నారు. ఆ సాయంత్రం ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చారు. అలా మొదలైన భూదాన ఉద్యమం తర్వాత ఎక్కడ ఎలా నీరుగారిందన్న వాదన వేరే ఉంది, అందులో నేనూ చాలాసేపు మాట్లాడగలను. కాని అడగడం ముందు, ఇవ్వడం తర్వాత అన్న వరస మాత్రం ఆ నల్లగొండ జిల్లాలోనే జరిగింది. మీరు చందంపేట, దేవరకొండ తండాల్లో ఎవరినైనా అడిగారా? కొందరికి సైకిలు కావాలి. కొందరికి బడి వేళకు బస్సు కావాలి, అది మీ చేతిలో లేదు, కాని మీ 60 సంతకాలతో డిపోకు ఒక అర్జీ వెళితే దానికి విలువ ఉంటుంది. కొందరు పిల్లలకు అసలు తొక్కడమే రాదు.

సైకిళ్ళే ఇస్తామంటే గేర్లు లేని మామూలు లేడీస్ సైకిలు కొనండి. క్యారియరు, స్టాండు, గొలుసుకు నిండు కవరు ఉండాలి. టైరు, ట్యూబు ఇక్కడి దుకాణంలో దొరికే సైజై ఉండాలి. ఇక్కడి దుకాణంలోనే కొంటే ఇంకా మంచిది, మొదటి ఏడాది మరమ్మతు అతనితోనే మాట్లాడుకోవచ్చు. తండాకు ఒక పంపు, ఒక పంక్చర్ డబ్బా ఇవ్వండి. ఆ డబ్బాలో గరుకు కాగితం, సొల్యూషన్, ప్యాచీలు, వాల్వు రబ్బరు మూరెడు. తండాకు ఇద్దరు అమ్మాయిలకు టైరు విప్పి చిల్లుకు ప్యాచీ వేయడం నేర్పండి. మీ 60 మందిలో ఆ పని వచ్చినవారు కనీసం పాతికమంది ఉంటారు. వేదిక మీద తాళం చెవులు అందించే ఫొటో కన్నా ఆ మధ్యాహ్నం చెట్టు కింద బకెట్ నీళ్ళలో ట్యూబు ముంచి బుడగలు వెతికే పని పెట్టుకోండి. వంద సైకిళ్ళు ఇచ్చి వెళ్ళిపోవడం కన్నా 60 ఇచ్చి, మిగిలిన డబ్బు మూడేళ్ళ మరమ్మతుకు కట్టి ఉంచడం మేలని నా అభిప్రాయం. దాతలకు 60 అనే అంకె చిన్నగా కనిపిస్తుందేమో, అది మీరు వాళ్ళకు చెప్పుకోవాలి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి అదీ అనేస్తాను. రెండు పద్దులు పెట్టండి. హాలు అద్దె, తిండి, బండి డీజిలు, టీషర్టు, పతకం, ఇవన్నీ తొక్కేవారు తమ జేబులోంచి కట్టే రుసుములో పడాలి. పిల్లల పేరు చెప్పి అడిగిన విరాళంలోంచి ఒక్క రూపాయి కూడా ఇటు రాకూడదు. యాత్ర ముగిసిన నెలలోగా రెండు పద్దులూ తెలుగులో రాసి, ఆయా పంచాయతీ ఆఫీసుల నోటీసు బోర్డుకు అంటించండి. పిల్లల తల్లిదండ్రులు చదివేది అదే.

నవంబరు మొదటి వారంలో మీలో ఇద్దరిని పంపండి. పటం గీసినవారు ఒకరు, డబ్బు చూసేవారు ఒకరు. మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో అచ్చంపేట బస్సు ఎక్కండి. మర్నాడు పొద్దున్నే బల్మూరు, లింగాల బాట చూసి, వచ్చేటప్పుడు మా సైకిల్ షాపు మేస్త్రీతో కూర్చుందాం. మీ హ్యాంగర్, మీ వాల్వు ఎలా ఉంటాయో చూడాలని అతనికి చాలా కుతూహలంగా ఉంది. సైకిళ్ళు మోసుకురానక్కర్లేదు. నా ఇంట్లో ఒకటి, పక్కింట్లో ఒకటి ఉన్నాయి, మేస్త్రీ ఇంకొకటి ఇస్తానన్నాడు. ఒకదానికి వెనక బ్రేకు అంతంతమాత్రం. అది నేను తీసుకుంటాను.

ఇట్లు,
అచ్చంపేట నుంచి ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు